బంగాళాఖాతంలో నాలుగెకరాలు

నేను ఒక హద్దురాయిని. అసలు సంగతి ముందే చెప్పేస్తాను, ఎందుకంటే కడుపు మండిపోతోంది. నేను కదల్లేదు. నూట పది సంవత్సరాలు ఒకే గుంటలో, ఒకే దిక్కుకు ముఖం పెట్టి నిలబడ్డాను. అయినా నేను బంగాళాఖాతంలో ఉన్నట్టు అంకెలు వేసి, కింద సంతకం పెట్టి, ముద్ర కూడా కొట్టారు. బిందెడు నీళ్ళకు మూడు మైళ్ళు నడిచే సీమలో పుట్టినదాన్ని. సముద్రం ఏ రంగులో ఉంటుందో కూడా నాకు తెలియదు.

రాయికి కోపమేమిటని మీకు నవ్వు రావచ్చు. నవ్వుకోండి. మీరు రోజుకు నాలుగుసార్లు మాట మారుస్తారు, ఊరు మారుస్తారు, ఫోను నంబరు మారుస్తారు. నా బతుకులో నాకున్న గొప్ప ఒక్కటే, ఉన్నచోట ఉండటం. దాన్ని కూడా కాదంటే ఊరుకోవడానికి నేనేం మనిషినా?

నా పుట్టుక నాపరాళ్ళ గనిలో. కొలిమిగుండ్ల దిక్కున నేలను నిలువెత్తు తవ్వితే చాలు, విస్తరాకుల కట్టలా రాయి పొరలు పొరలుగా బయటపడుతుంది. అందులో మందమైన పొరనొకదాన్ని వడ్డె తిప్పన్న ఎంచుకున్నాడు. రెండు రోజులు చెక్కి, నాలుగు పలకలు తీర్చి, నెత్తిన కూడిక గుర్తు వేశాడు. ఆ రెండు గీతలు కలిసే చుక్కే ఇక నా ప్రాణమని తిప్పన్నకు తెలియదు. పైవాళ్ళు చెప్పారు, అతను కొట్టాడు. నాతోపాటు పుట్టిన పొరలు కొన్ని ఇళ్ళ ముందు అరుగులయ్యాయి, కొన్ని బడి నేల మీద పరుచుకున్నాయి. వాటికి సుఖమే. వాటిని ఎక్కడున్నారని ఎవరూ అడగరు.

నన్ను ఎద్దులబండిలో తెచ్చి పాతించినవాడు శఠగోపాచారి అనే సర్వేయరు. వేములగుట్ల, ఉప్పరకొట్టాల, పెద్దనాగులవరం అనే మూడు ఊళ్ళ పొలిమేరలు కలిసే చోటు అది. మూడు ఊళ్ళ పెద్దమనుషుల్నీ రప్పించి, వాళ్ళ కళ్ళెదుట మూడడుగుల గుంట తీయించాడు. నన్ను దించే ముందు గుంట అడుగున రెండు దోసిళ్ళ బొగ్గులు, కుండపెంకులు పోశాడు. సర్వేయరు రాయి కింద పొయ్యి పెడుతున్నాడని ఊరివాళ్ళు నవ్వారు. ఆయన నవ్వలేదు. కొయ్య గుంజ పుచ్చిపోతుంది, రాయిని ఎవడైనా పెరికి పక్కన పాతుకుంటాడు, బొగ్గు మాత్రం మట్టిలో వందేళ్ళున్నా కుళ్ళదు, పైగా దొంగకు దాని సంగతి తెలియదు, అని వాళ్ళకు వివరించాడు. తర్వాత బొగ్గుల సంగతి చెప్పిన ఆయనా వెళ్ళిపోయాడు, విన్నవాళ్ళూ వెళ్ళిపోయారు. కాళ్ళకింద ఉన్నవి కాబట్టి నాకు మాత్రం గుర్తున్నాయి.

ఆ రోజు నుంచి నన్ను అంకెలతోనే పిలిచారు. అక్కడే మొదలైంది నా అవస్థ. మొదట జిల్లాలో ఒక కొండ నెత్తిన చుక్క చెక్కి, దాన్ని సున్న అన్నారు. ఆ సున్న నుంచి తూర్పుకు ఇన్ని కొలత గొలుసులు, దక్షిణానికి ఇన్ని గొలుసులు అని నన్ను రాసుకున్నారు. మా మూడు ఊళ్ళలో ఒకటి పక్క జిల్లాది, వాళ్ళకు వేరే కొండ, వేరే సున్న. రెండు లెక్కలూ పొలిమేర దగ్గర కలవాలి. కలిసేవి కావు, మనిషి నిలువంత తేడా వచ్చేది. ఇద్దరు సర్వేయర్లు నా నెత్తిన కాగితాలు పరిచి గంటసేపు వాదించుకుని, చివరికి రాయే జరిగి ఉంటుందని తేల్చుకుని వెళ్ళారు.

ఆ తర్వాత దేశమంతటికీ పటాలు గీసేవాళ్ళు వచ్చారు. గజాల్లో లెక్క. అంకెల ముందు తీసివేత గుర్తు రాకుండా సున్నను ఎవరూ చూడని దూరానికి నెట్టేశారు. తర్వాత గజాలు పోయి మీటర్లు వచ్చాయి. ఆ తర్వాత ఆకాశంలో ఉపగ్రహాలు తిరగడం మొదలైంది. పాత లెక్కలో భూమిని కాస్త చిన్నదిగా అనుకున్నారట, కొత్త లెక్కలో దాన్ని పెద్దది చేసి కాస్త పక్కకు జరిపారు. దాంతో నేను వంద గజాల పైచిలుకు అవతలికి పోయినట్టు కనబడింది. భూమి కొలత తప్పుగా పట్టినవాళ్ళు వాళ్ళు, జరిగానని మాట పడింది నేను. ప్రతి తరం లెక్క మార్చింది, ప్రతి తరం నన్నే అనుమానించింది.

వీటన్నిటికీ ఓర్చుకున్నాను. ఎందుకంటే నేను నిలబడ్డ చేను కురువ సుంకమ్మది.

నాలుగెకరాల పన్నెండు సెంట్లు, నల్లరేగడి. మామ చేతి నుంచి మొగుడు మద్దిలేటికి, అతను పోయాక సుంకమ్మకు వచ్చింది. పదిహేనేళ్ళుగా ఒంటిచేత్తో సేద్యం చేస్తోంది. ఆమెకు వేరే భూమి లేదు, వేరే పనీ రాదు. ఏటా జొన్న వేస్తుంది. గింజ ఆమె రొట్టెకు, చొప్ప ఆమె రెండు ఎనుములకు. విత్తనం వేసే ముందు నాకు సున్నం కొట్టి, పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి టెంకాయ కొట్టేది. నేను దేవతను కానని నాకు తెలుసు, కానీ చెప్పే వీలు లేదు. మిగతావాళ్ళు నాకు చేసిన మర్యాదలు కూడా చెప్పాలి కదా. మేకలు వీపు గోక్కున్నాయి. తాగినవాళ్ళు నా మీద కూర్చుని ఒకరి తాతల్ని ఒకరు తిట్టుకున్నారు. ఒక ఎన్నికలప్పుడు నా వీపు మీద రంగుతో గుర్తు వేశారు. అభ్యర్థి ఓడిపోయాడు. ఆ రంగును సుంకమ్మే పీచు పెట్టి తోమింది.

కిందటి కిందటి మాఘమాసంలో భూములన్నీ మళ్ళీ కొలిచే పని మా పొలిమేరకు వచ్చింది. ముందు డ్రోను ఎగిరి ఫొటోలు తీసింది. నా చుట్టూ తుమ్మచెట్లుండటం వల్ల సుంకమ్మ చేను హద్దులు సరిగా తెలియలేదు. ఆ ఒక్క చేనునూ నేల మీద నిలబడి కొలవడానికి కాంట్రాక్టు కంపెనీ తారకేశ్ అనే మనిషిని పంపింది. కాకినాడవాడు, ముప్పై ఏళ్ళుంటాయి. చేతిలో నిలువెత్తు కర్ర, కర్ర నెత్తిన తెల్ల టోపీలాంటి యంత్రం, చెవుల్లో ఫోను గొట్టాలు. కర్రను నా నెత్తిన తిప్పన్న చెక్కిన చుక్క మీద చక్కగా నిలబెట్టాడు. పని తెలిసినవాడే, అబద్ధమెందుకు.

ఇక్కడ తొనల సంగతి చెప్పాలి. కొత్త లెక్కలో భూగోళాన్ని చీనీకాయ తొనల్లా నిలువునా అరవై ముక్కలు చేశారు. ఒక్కో ముక్కను జోను అంటారు. ఏ తొన లెక్క ఆ తొనదే, ప్రతి తొనలోనూ అవే అంకెలు మళ్ళీ వస్తాయి. అందుకని అంకెలు ఒక్కటే ఇస్తే చాలదు, ఏ తొనో కూడా చెప్పాలి. ఉత్తరం మీద కొత్తపల్లె అని రాసి జిల్లా పేరు తప్పు రాస్తే ఏమవుతుంది? అలాగన్నమాట. నలభై మూడో తొనకూ నలభై నాలుగో తొనకూ మధ్య గీత మాకు తూర్పున రెండు ఫర్లాంగుల దూరంలో పోతుంది. నేను నలభై మూడులో ఉన్నాను. తారకేశ్ అప్పటిదాకా పనిచేసిన కోస్తా ఊళ్ళన్నీ నలభై నాలుగులోవి. ఇక్కడ ఏది పెట్టాలా అని అతనికి అనుమానం వచ్చింది. ఆ మాత్రం అనుమానం వచ్చినందుకు మెచ్చుకోవాల్సిందే. ఫోనులో ఆఫీసును అడిగాడు.

సిగ్నలు సరిగా లేదు. అతను తుమ్మచెట్ల కింద అటూ ఇటూ తిరుగుతూ, "జోనెంతండీ? జోను, జోను" అని గట్టిగా అరిచాడు. ఫోనులోంచి "నలభై" అని వచ్చింది. మిగతా మాట రాకముందే లైను తెగింది. సరిగ్గా అప్పుడే వెనక మంచె దిగి వడిసెల చేత పట్టుకుని వస్తున్న సుంకమ్మ, ఈయన తనను జొన్న ఎంత వేశావని అడుగుతున్నాడనుకుంది. పాపం, మర్యాదస్తురాలు. అంత దూరం నుంచి వచ్చిన మనిషి అడిగితే జవాబివ్వకపోతే ఎలా?

"నాలుగు సామీ, నాలుగూ అదే" అంది.

చెవుల్లో గొట్టాలున్న తారకేశ్‌కు ముందొక నలభై, వెనకొక నాలుగు వినబడ్డాయి. "ఆయ్, నలభై నాలుగండీ" అని తెగిపోయిన ఫోనుకే చెప్పి, యంత్రంలో ఒత్తేశాడు. సుంకమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, వెళ్ళొస్తానమ్మా అని చెప్పి వెళ్ళిపోయాడు. అక్కడున్న ముగ్గురిలో జరిగింది తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. నాకు నోరు లేదు. నూట పదేళ్ళలో నోరు లేదని నేను ఏడ్చింది ఆ ఒక్క మధ్యాహ్నమే.

నా అంకెల్ని నలభై నాలుగో తొనలో పెట్టి చూస్తే ఎక్కడికి పోతాయో తెలుసా? తూర్పుగా ఆరు వందల నలభై కిలోమీటర్లు. ఒంగోలు దాటి, తీరం దాటి, నీళ్ళలో ఇంకో నాలుగు వందల కిలోమీటర్లు. భూమి గంగలో కలిసిందంటే మన మాటల్లో పోయిందని అర్థం. వీళ్ళు నిజంగానే కలిపేశారు.

ఆ తర్వాత ఆఫీసులో ఏం జరిగిందో నాకు తర్వాత సర్వేయర్ల మాటల్లో తెలిసింది. కంప్యూటరు మీద సుంకమ్మ చేనుకు ఎర్రగుర్తు పడింది, ఊరి హద్దుల బయట ఉందని. యంత్రమే నయం, దానికి అనుమానం వచ్చింది. ఎర్రగుర్తులు పడ్డవాటిని ఏరి ఇంకో బల్ల దగ్గరికి పంపారు. ఆ బల్ల దగ్గరున్నాయన అంకెలు కొట్టి, ఉపగ్రహం ఫొటో తెరిచాడు. నీళ్ళు కనబడ్డాయి. ఎటు జరిపినా నీళ్ళే. ఇదేం చెరువురా నాయనా, గట్టే కనబడదు అని ఒక్కసారి అనుకుని ఉంటే సరిపోయేది. అనుకోలేదు. భోజనం వేళ అయింది కాబోలు. "భూమి పూర్తిగా నీట మునిగి ఉన్నది. హద్దురాయి కనబడలేదు. సాగు లేదు" అని మూడు వాక్యాలు రాసి మూసేశాడు. ఆ ఏడు మా మండలంలో కరువు ప్రకటించారు. కరువు కాగితం మీద, మా ముంపు కాగితం మీద పెట్టిన సంతకం ఒకటేనట.

ఊరందరికీ కొత్త పాసుపుస్తకాలు పంచారు. సుంకమ్మ పేరు పిలవలేదు. ఆమె బస్సెక్కి మండలం ఆఫీసుకు పోయింది. అక్కడి గుమాస్తా కంప్యూటరు చూసి, నీ భూమి నీళ్ళలో ఉందమ్మా, సాగు భూమి కిందకు రాదు అని మర్యాదగానే చెప్పాడు. సుంకమ్మ "అంత నీళ్ళుంటే యాడుండాయో సూపీ సారూ, కడవ తెచ్చుకుంటా" అందట. ఆఫీసంతా నవ్వింది. నవ్వి, ఆమెను వచ్చే సోమవారం రమ్మంది. సోమవారాలు పదకొండు గడిచాయి. వెళ్ళిన ప్రతిసారీ వచ్చి నా పక్కన కూర్చుని ఏం చెప్పారో నాకు చెప్పేది. నేను విన్నాను. అంతకంటే చేయగలిగింది లేకపోయింది.

చేను సముద్రానికి పోయాక ఊరి పటంలో దాని చోట ఒక బొక్క మిగిలింది. పటంలో ఎవరి పేరూ లేని బొక్క అంటే ప్రభుత్వ బీడు. అలాంటి బీడు భూములన్నీ కలిపి ఒక సోలారు కంపెనీకి పలకలు పరుచుకోవడానికి ఇచ్చారు. అంటే ఒకే చేను ఒక కాగితంలో నీళ్ళలో మునిగి ఉంది, ఇంకో కాగితంలో ఎండలో మెరుస్తోంది. రెండు కాగితాలూ ఒకే బీరువాలో ఉన్నాయి.

కార్తీకంలో జొన్న మోకాలెత్తు లేచిన సమయంలో జేసీబీ వచ్చింది. ముందు గట్టు తీసి, నన్ను పెరకాలి, తర్వాత చదును చేయాలి. సుంకమ్మ కొంగు నడుముకు చుట్టి, వచ్చి నా నెత్తిన కూర్చుంది. అరవలేదు, తిట్టలేదు. కంపెనీ మేస్త్రీ ఫోనులో పటం తీసి, ఇక్కడ రాయే లేదని రికార్డులో ఉంది, ఈమే ఎక్కడి నుంచో తెచ్చి పాతుకుంది అన్నాడు.

నన్ను! నేను దొంగరాయినట. శఠగోపాచారి మూడు ఊళ్ళ పెద్దల ఎదుట పాతిన రాయిని. అప్పుడు ఆ మేస్త్రీ తాతకు కూడా ఇంకా పేరు పెట్టి ఉండరు.

హద్దులు చూపించడానికి మండల సర్వేయరు ప్రభుదాసు కూడా వచ్చాడు. ఈ ప్రాంతంవాడే, నలభై దాటినవాడు, నెమ్మదైన మనిషి. అతను ఎవరితోనూ వాదించలేదు. నా చుట్టూ ఒకసారి తిరిగి, వంగి నెత్తిన గుర్తు తడిమాడు. మేస్త్రీ దగ్గర గడారి తీసుకుని, నన్ను కదలనీయకుండా పక్క నుంచి జాగ్రత్తగా తవ్వాడు. ఒక అడుగు, రెండడుగులు. మూడో అడుగున గడారి మొన నల్లగా పైకి వచ్చింది. చేయి పెట్టి తీస్తే బొగ్గు ముక్కలు, రెండు కుండపెంకులు.

ఆ ముక్కల్ని అరచేతిలో పెట్టుకుని మేస్త్రీకి చూపించి, ఈ రాయి పాతిననాటి నుంచి ఇక్కడే ఉంది, జేసీబీని గట్టు దింపు అన్నాడు. బొగ్గులతో ఏం తెలుస్తుందని మేస్త్రీ అడిగాడు. పాత సర్వేయర్ల అలవాటు అది, తెచ్చి పాతుకున్న రాయి కింద బొగ్గులుండవు అని ప్రభుదాసు చెప్పాడు. ఎన్నేళ్ళకు నా తరఫున ఒక్కడు మాట్లాడాడు! శఠగోపాచారి గుర్తొచ్చి గుండె నిండిపోయింది. రాయికి గుండె ఉంటుందా అని మళ్ళీ మొదలుపెట్టకండి.

రాయి ఉంది సరే, మరి చేను నీళ్ళలోకి ఎలా పోయింది? ప్రభుదాసుకు అది అంతుబట్టలేదు. సుంకమ్మ ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"ఆ పొద్దు కొలిచిన ఆయప్ప నిన్నేమన్నా అడిగినాడామ్మా?"

"ఏమీ అడగల్య సారూ. జొన్న ఎంత అని ఒక్క మాట అడిగినాడు. నాలుగూ అదే అని చెప్పినా."

"కొలిచేటోడు జొన్న ఎంతని యామిటికి అడుగుతాడు?"

"నాకేం తెలుసు. ఎవురికో ఫోన్లో చెప్పాల అన్నట్ల, జొన్న జొన్న అని ఒకటే అరుపు."

ప్రభుదాసు పెదవులు కదిలాయి, జొన్న, జోను అని అనుకుంటున్నట్టు. ఫోను తీసి సుంకమ్మ చేను కాగితం తెరిచాడు. జోను నలభై నాలుగు. తలెత్తి తూర్పున రెండు ఫర్లాంగుల అవతల ఉన్న కాలువగట్టు వైపు చూశాడు, గీత అక్కడే పోతుందని అతనికి తెలుసు. మళ్ళీ ఫోను చూశాడు. అలాగే మట్టిలో చతికిలబడి, "ఇంత చేసినామా" అన్నాడు. తను చేయకపోయినా చేసినామా అన్నాడు. మనుషుల్లో అలాంటి మాట నేను చాలా అరుదుగా విన్నాను.

నలభై నాలుగును నలభై మూడు చేయడానికి ఎంతసేపు పడుతుంది? ఒక్క అంకె. నాలుగు నెలలు పట్టింది. దరఖాస్తు, దానికి విచారణ, విచారణకు నివేదిక, నివేదికకు సంతకం, సంతకం పెట్టాల్సినాయన సెలవులో ఉండటం, అన్నీ జరిగాయి. ప్రభుదాసు వెంటపడి తిరిగాడు. చివరికి ఒక శుక్రవారం సుంకమ్మ చేను సముద్రంలోంచి లేచి ఊరి పటంలోకి వచ్చింది. పాసుపుస్తకం ఇచ్చారు. ఆమె దాన్ని కొంగులో కట్టుకుని నేరుగా నా దగ్గరికి వచ్చి, నా నెత్తిన పెట్టి చూపించింది.

ఇక్కడితో అయిపోయిందనుకున్నారా? నేనూ అలాగే అనుకున్నాను.

హద్దురాయి కనబడలేదన్న పాత వాక్యం ఫైలులో అలాగే ఉంది. దాన్ని కొట్టేయాలంటే కొత్త రాయి పాతినట్టు ఫొటో పెట్టాలట. రాయి ఎప్పుడూ అక్కడే ఉంది అని రాయడానికి ఆ ఫారంలో గడి లేదు. ప్రభుదాసు ఎంత చెప్పినా గడి పుట్టలేదు. కొత్త రాయి లారీలో వచ్చింది. నున్నటి గ్రానైటు, నంబరు యంత్రంతో చెక్కారు. అది సరిగ్గా నా చుక్క మీదే నిలబడాలి. నా చుక్క మీద నేనున్నాను కదా. అందుకని నన్ను పెరికేశారు.

నూట పదేళ్ళలో మొదటిసారి నేను కదిలాను. గట్టు మీద వెల్లకిలా పడి ఉన్నాను. ఆకాశాన్ని అంత తిన్నగా ఎప్పుడూ చూడలేదు. నేను అలా పడి ఉండగానే నా గుంటలో గ్రానైటు దిగింది, ఫొటో తీశారు, "హద్దురాయి స్థానంలో ఉన్నది" అని రాసుకున్నారు. కదలనన్ని నాళ్ళూ నేను లేను. కదిలినరోజు ఉన్నాను.

కొత్తదాని కింద బొగ్గులు వేయాలని వాళ్ళకు తోచలేదు, సిమెంటు తెచ్చారు. సిమెంటు కలపబోతూ టీ తాగడానికి అందరూ చెట్టు కిందికి పోయినప్పుడు, సుంకమ్మ తవ్విపోసిన మట్టిలో వేళ్ళు పెట్టి వెతికి, శఠగోపాచారి బొగ్గుల్ని ఒక్కొక్కటే ఏరింది. కొత్త రాయి పక్కన సందులోంచి అడుక్కి జారవిడిచి, పైన మట్టి సర్దింది. అది చూసి నాకు ఆ గ్రానైటు మీద కోపం కాస్త తగ్గింది. దాని తప్పేముంది, దాన్ని కూడా రేపు ఎటో పోయిందంటారు.

నన్ను బండి మీద వేయించుకుని ఇంటికి తీసుకుపోయింది. మిద్దె ముందు, ఎనుముల గాటిపక్కన పాతించి, ఆ సాయంత్రమే సున్నం కొట్టింది. ఇక్కడ నేను ఏ ఊరి పొలిమేరా కాదు, నాకు అంకెలు లేవు. అప్పుడప్పుడూ ఎనుము వచ్చి మెడ రుద్దుకుంటుంది. అయినా కోపం పూర్తిగా పోలేదు, పోనివ్వను కూడా.

మొన్న మాఘంలో ప్రభుదాసు పంటలు రాసుకుంటూ ఈ వీధికి వచ్చాడు. నన్ను చూసి ఒక్క క్షణం ఆగాడు, చూపు తిప్పుకున్నాడు. ఒక చేత్తో ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఎవరితోనో మాట్లాడుతూనే, రెండో చేత్తో కాగితం చూపిస్తూ, "ఈ ఏడు ఏమేసినావు సుంకమ్మా?" అని అడిగాడు.

సుంకమ్మ పాలచెంబు అరుగు మీద పెట్టింది. చేతులు కొంగుకు తుడుచుకుంది.

"ముందు ఆ ఫోను పెట్టెయ్ సారూ. అప్పుడు చెప్తా."

అతను ఫోను ఆపి, ఆమె చూస్తుండగా జేబులో పెట్టుకున్నాడు. సుంకమ్మ అటు చూసింది, ఇటు చూసింది, వీధిలో ఇంకెవరూ ఫోనులో మాట్లాడటం లేదని తెలుసుకుని, నెమ్మదిగా చెప్పింది.

"జొన్న."